నర్సు అడిగిన అయిదు నిమిషాలు

"చూడండి, మీ అమ్మాయి ఏం చదువుతోందో."

లెక్కల ట్యూషన్ మాస్టారు తన ఫోన్ మోటారు మెకానిక్ ముందు పెట్టాడు.

మెకానిక్ చేతికంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుని తెర మీదికి వంగాడు. పేజీ పేరు 'అడగండమ్మా'. ఎవరో నర్సు నడుపుతోంది. ఆడపిల్లలు పేరు చెప్పకుండా ప్రశ్నలు అడుగుతారు, ఆవిడ జవాబిస్తుంది. ఒళ్ళు ఎదగడం గురించి, నెలసరి గురించి, ఎవరైనా చెయ్యకూడని పని చేస్తే ఎవరికి చెప్పాలన్న దాని గురించి.

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఎనిమిదో తరగతి పిల్ల చదవాల్సినవా ఇవి?"

"అదే నా బాధ కూడా. ఇలాంటివి మూయించకపోతే పిల్లలు మన మాట వినరు. మీరు ఫిర్యాదు రాయండి, మొదటి సంతకం నాది," అన్నాడు మాస్టారు.

మెకానిక్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాలిన మోటారు తెచ్చినవాణ్ణి నాలుగు తిట్టి గానీ మూత విప్పడు.

ఆ సాయంత్రం కూతుర్ని నిలబెట్టి గదిమాడు. "ఇంకోసారి అది తెరిచావో, ఫోన్ పగలగొడతా."

"అది కాదు నాన్నా..."

"నోర్ముయ్."

పిల్ల నోరు మూసుకుంది.

భార్య పళ్ళెం పెడుతూ అంది. "నేనూ చదివానండీ. అందులో తప్పేముంది? నా చిన్నప్పుడు చెప్పే దిక్కు లేక ఎంత ఏడ్చానో."

"నువ్వూ ఆవిడ పార్టీయేనా?"

ఆవిడా నోరు మూసుకుంది.

మెకానిక్ వారం రోజులు పని మానుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నూట యాభై సంతకాలు. పిల్లలకు హాని చేసే రాతలని రాసి పోలీసులకు పంపితే నాలుగో రోజుకు పేజీ మూతపడింది. అయినా అతని కోపం చల్లారలేదు. ఆ కాగితాలే ఆస్పత్రికీ పంపాడు. నర్సు ఉద్యోగం ఊడింది.

మర్నాడే ఆవిడ దుకాణానికి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఎండలో నడిచి వచ్చినట్టుంది, చీర చెంగుతో మెడ తుడుచుకుంటోంది.

"మీతో ఓ అయిదు నిమిషాలు మాట్లాడాలండీ. లోపల."

దుకాణంలో మోటార్ల కోసం వచ్చినవాళ్ళు నలుగురున్నారు.

"ఉద్యోగం కోసం కాళ్ళు పట్టుకోవడానికొచ్చావా? ఇక్కడే చెప్పు. అందరూ వింటారు."

"ఉద్యోగం గురించి కాదండీ."

"మరి? ఏదైనా రాసుకునే హక్కుందంటావా? నీ హక్కు నా గడప అవతల."

"పిల్లలకి అడగడానికి ఒక్క చోటైనా ఉండాలి కదండీ. సరే, అది వదిలెయ్యండి. అయిదే అయిదు నిమిషాలు."

"రాను."

ఆవిడ ఆ నలుగురి వైపూ చూసింది. ఏదో అనబోయి మింగేసింది.

"పోనీ, మీ ఆవిణ్ణి ఓసారి మా ఇంటికి పంపండి."

"పిల్లలు చాలక నా పెళ్ళాన్ని కూడా చెడగొడతావా? నడు."

నలుగురూ నవ్వారు. ఆవిడ తల వంచుకుని వచ్చిన దారినే వెళ్ళింది. ఆ వేళ మెకానిక్ అందరికీ టీ తెప్పించాడు.

పది రోజుల తర్వాత పిల్ల ట్యూషన్‌కు వెళ్ళనంది.

"లెక్కల్లో సున్నాలు తెచ్చుకుంటావా?" అని చెయ్యి పట్టి లాగాడు. పిల్ల గడప పట్టుకుని కూలబడింది. ఏడవలేదు. ఫోన్ తీసి తండ్రి చేతిలో పెట్టింది.

"చెప్పడానికి నోరు రావట్లేదు. చదువుకో నాన్నా."

పేజీ మూతపడ్డాక, పిల్ల ఇచ్చిన నెంబరుకు నర్సు తన సొంత నెంబరు నుంచి పంపిన మెసేజ్‌లు. మధ్య మధ్య పిల్ల రాసినవి. ట్యూషన్ అయ్యాక అందర్నీ పంపేసి మాస్టారు తననొక్కదాన్నే ఎందుకు ఉండమంటాడో అందులో ఉంది.

మెకానిక్ మూడో మెసేజ్ దాటి చదవలేకపోయాడు.

పోలీస్ స్టేషన్‌లో అధికారి ఇబ్బందిగా కదిలాడు.

"పది రోజుల కిందటే ఓ నర్సు వచ్చి చెప్పింది. పిల్ల ఎవరో మాత్రం చెప్పలేదు. మీ ఫిర్యాదులో మొదటి సంతకం ఆ మాస్టారిదే కదా. ఉద్యోగం పోయిన కక్షతో అంటోందనుకుని పంపేశాం."

మెకానిక్ కూతురి ఫోన్ తెరిచి అధికారికి చూపించాడు.

మాస్టారిని ఆ పూటే పట్టుకెళ్ళారు. మెకానిక్ అక్కణ్ణుంచి నేరుగా నర్సు ఇంటికి వెళ్ళాడు. తాళం వేసి ఉంది.

"పరువు తక్కువని ఖాళీ చేయించాను. ఎటు పోయిందో తెలీదు. మీరే కదండీ సంతకం పెట్టించుకెళ్ళారు," అన్నాడు ఇంటి యజమాని.

ఆవిడ నెంబరుకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ వచ్చింది.

మెకానిక్ ఆ మెట్ల మీదే కూర్చుని కూతురి ఫోన్‌లో మిగిలిన మెసేజ్‌లు తెరిచాడు. ఆవిడ దుకాణానికి వచ్చిన రోజు పొద్దున పిల్లకు ఇలా రాసింది:

"భయపడకు తల్లీ, ఇవాళ నేనే మీ నాన్నతో చెబుతాను, కోపిష్టి అన్నావుగా, ఆ కోపం నీ పక్కనే నిలబడుతుంది చూడు, ఆయన నన్నెన్ని మాటలన్నా పడతాను గానీ నలుగురిలో నీ ఊసు మాత్రం ఎత్తను."