పూమా చేసిన సాయం

“ఫోటో వద్దన్నానా! తీసెయ్ ముందు!”

ఆ కేకకి హాలంతా తిరిగి చూసింది. కొచబాంబా లినక్స్ పండగలో ఇలాంటి గొడవ ఎప్పుడూ లేదు. కంప్యూటర్‌లో విండోస్ తీసేసి కొత్తగా లినక్స్ ఎక్కించుకున్నవాళ్లని, లినక్స్ గుర్తయిన గుడ్డ పెంగ్విన్ బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటో తీయడం ఇక్కడి ఆనవాయితీ. అందరూ నవ్వుతూ నిలబడతారు. ఈమె మాత్రం రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

రమీరో పరుగున వచ్చి ఆ ఫోటో చెరిపించాడు. లినక్స్ ఎక్కించాక మిగిలిన సర్దుబాట్లన్నీ చేసిపెట్టే బల్ల అతనిది.

“కూర్చో అక్కా. ఫోటో పోయింది, పూచీ నాది. పేరేంటి?”

ఆమె తడబడింది. “సోనియా.”

“చెప్పు, ఏం చెయ్యాలి?”

ఆమె కుర్చీని గుమ్మం కనిపించేలా తిప్పుకుని కూర్చుంది. “నేనెక్కడున్నానో ఒక మనిషికి తెలియకూడదు. నా మొగుడు. ఇదివరకు ఈ ల్యాప్‌టాప్‌లో ఏదో పెట్టాడు, ఎక్కడికెళ్లినా పసిగట్టేవాడు. ఈసారి దొరికితే చంపేస్తానన్నాడు. అన్నంత పనీ చేస్తాడు. వెతుక్కుంటూ ఈ ఊరు దాకా వచ్చాడట, ఇల్లు మాత్రం ఇంకా తెలీదు. అందుకే అంతా తుడిపించి ఇది ఎక్కించుకున్నా. నేను బయటికెళ్లి పనిచేయలేను తమ్ముడూ. దీంతోనే బతకాలి.”

“ఆయనకి కంప్యూటర్లు బాగా తెలుసా?”

“నీకంటే బాగా.”

రమీరోకి రోషం పొడుచుకొచ్చింది. “అదీ చూద్దాం!”

ఇక మొదలుపెట్టాడు. కొత్త పాస్‌వర్డ్ పెట్టించాడు. బయటినుంచి ఎవరూ చొరబడకుండా అడ్డుగోడ లేపాడు. ఉన్న చోటు చెప్పేసే మీటని ఆపాడు. కెమెరా కంటికి నల్ల టేపు అంటించాడు. ఏది ఎందుకో విడమరిచి చెప్పాడు. ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. అతనిచ్చిన సల్తేన్యా, పులుసు నింపిన మాంసం కజ్జికాయ, కొరికింది, పులుసు గడ్డం మీదకి కారింది.

“ఇందాక ఎక్కించేటప్పుడు అది అడిగినవన్నీ నేనే టైపు చేశా, తెలుసా?” అంది మూతి తుడుచుకుంటూ.

“ఇంకేం, మాలో కలిసిపోయావు!”

అంతా అయింది, వైఫై తప్ప. రమీరో తిప్పలు పడ్డాడు. చెమటలు పట్టాయి. తిట్టుకున్నాడు. ఊహూఁ.

“నా గదిలో వైఫై తప్ప ఇంకేం లేదు తమ్ముడూ,” అందామె దిగులుగా.

“కంగారుపడకు. మా లినక్స్ గ్రూపులో అడుగుదాం. అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు మాకు.”

“నా గురించి రాయకు!”

“నీ ఊసే ఎత్తను అక్కా. కంప్యూటర్ సంగతే.”

మాట తప్పలేదు పిల్లాడు. కానీ ఆ గ్రూపులో ఒక పద్ధతుంది. కంప్యూటర్‌కి ఆజ్ఞలిచ్చే నల్లతెర మీద వచ్చిందంతా, ఒక్క ముక్క కొయ్యకుండా పెట్టాలి. కోసి పెడితే పెద్దవాళ్లు ఉతికి ఆరేస్తారు. ఆ తెర మీద కొట్టిన ప్రతి ఆజ్ఞ ముందూ కంప్యూటర్, ఎక్కించేటప్పుడు టైపు చేసిన యజమాని పేరు వేసుకుంటుంది. రోజూ చూసే కళ్లకి అది ఎప్పుడో కనిపించడం మానేస్తుంది. రమీరో తప్పు ఎక్కడుందో ఆ వరుసలే చూసుకుని, మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఎత్తి తన కంప్యూటర్ నుంచి గ్రూపులో పెట్టేశాడు.

వెంటనే ఎవరో పలికారు. పేరు ‘పూమా’.

“చిన్న సమస్యే తమ్ముడూ. ఏ దేశం మీది? వైఫై అమరిక దేశాన్ని బట్టి మారుతుంది.”

రమీరో చకచకా కొట్టాడు. “బొలీవియా అన్నా. కొచబాంబా పండగలో ఉన్నాం.”

“ఏ హాలు? అక్కడి వైఫై పెట్టె ఏ రకమో చూడాలి.”

“పాత రైల్వే స్టేషన్ వెనక, లైబ్రరీ.”

“ఎంతసేపుంటారు? ఆపి మళ్లీ ఆన్ చేశాక ఇంకోసారి చూడాల్సి రావచ్చు.”

“సాయంత్రం దాకా ఇక్కడే అన్నా.”

ఆమె ఇవేవీ చూడలేదు. ఆమె కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. లోపలికొచ్చే ప్రతి మగవాణ్ణీ మొహం తెలిసేదాకా చూసి, అప్పుడు ఊపిరి వదులుతోంది.

“పావుగంట ఆగు తమ్ముడూ, చూసి చెబుతా,” అని రాశాడు పూమా. తర్వాత రెండు వరుసలు పంపాడు. రమీరో వాటిని ఉన్నవి ఉన్నట్టు కొట్టి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. వైఫై గుర్తు వెలిగింది.

“చూశావా అక్కా!” బల్ల మీద చరిచాడు. “ముక్కూ మొహం తెలియని మనిషి. తన పని మానుకుని మనకోసం కూర్చున్నాడు. మావాళ్లంటే ఇదీ!”

ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. ఎన్నాళ్ల తర్వాతో నవ్వింది. “ఏ తల్లి కన్న బిడ్డో, చల్లగా ఉండాలి. నా దండాలు చెప్పు తమ్ముడూ.”

“వచ్చేసింది అన్నా! అక్క నీకు దండాలు చెబుతోంది,” అని రాశాడు రమీరో.

జవాబు టక్కున వచ్చింది. ఆమె కూడా వినాలని రమీరో పైకే చదివాడు.

“దండాలెందుకు తమ్ముడూ, స్టేషన్ దాకా వచ్చేశా... ఒటీలియాని కుర్చీలోంచి లేవనివ్వకు.”