పలకని స్వామి

ప్రతి ఇంటి పూజగదిలోనూ మాట్లాడే దేవుడి పెట్టె, ప్రతి ఫోన్లోనూ ఆ దేవుడి చెవి వెలిసిన రోజులవి. మతాల అధ్యయనంలో కొత్తగా డాక్టరేటు పుచ్చుకున్న విశాలికి కాలేజీలో ఏడాది బోధనా ఫెలోషిప్ దొరికింది. మధ్యాహ్నం తీసుకున్న మొదటి క్లాసులోనే, చదువు నేర్పిన అలవాటు కొద్దీ "దేవుడు వింటాడు" అనకుండా, "దేవుడు వింటాడని భక్తులు నమ్ముతారు" అంది. పిల్లల ఫోన్లన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరిపోయాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ పూజగది గుమ్మంలో కూలబడి ఉంది.

"మధ్యాహ్నం నుంచీ స్వామి పలకట్లేదే. ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో కూడా చెప్పలేదు. నేనేం తప్పు చేశానే?"

విశాలి పెట్టె ముందు చేతులు జోడించింది.

"తప్పు నాది స్వామీ. అమ్మతో మాట్లాడు."

పెట్టె మెల్లగా వెలిగింది.

"ఇన్సులిన్ సంగతి తర్వాత చెబుతాలే తల్లీ. రేపు పిల్లలకి ఏం పాఠం చెబుతున్నావు?"