అడుగున రాళ్ళు

ఇంజను పలికింది. మట్టి తవ్వే బండి మాత్రం కదల్లేదు.

డ్రైవరు ముందు బకెట్టు ఎత్తి దించాడు. వెనక తవ్వే చెయ్యి చాపి ముడిచాడు. రెండూ చెప్పినట్టు వింటున్నాయి. చక్రాలే మొండికేశాయి.

కిందికి దూకాడు. కోపమంతా శ్మశానం గేటు దగ్గర నిలబడ్డ మనిషి మీదికి మళ్ళింది.

"ఏమయ్యా కాపలా! రాత్రి నా బండెక్కి పడుకున్నావా?"

సన్నటి మనిషి. తెల్ల చొక్కా. చేతిలో గేటు తాళాలు.

"లేదు" అన్నాడు.

"మరి బండికి దయ్యం పట్టిందా? నిన్న సాయంత్రం ఈ గోడ పక్కన పెట్టి వెళ్ళినప్పుడు బంగారంలా ఉంది. ఏ మీటలు నొక్కావో చెప్పు, ఏమీ అనను."

ఆ మనిషి తల తిప్పాడు. మూలనున్న ఖాళీ జాగా వైపు చూశాడు.

గుంట తవ్వాల్సింది అక్కడే. పొద్దున కూలీలు తవ్వబోతే గడ్డపార వంగిందిగానీ నేల లొంగలేదు. అందుకే గోడ పక్కనే ఆగి ఉన్న ఈ బండిని పిలిచారు. పొద్దు వాలకముందే శవాన్ని తెస్తారు. కాపలావాడు చోటు చూపిస్తాడని బండి యజమాని ఫోనులో చెప్పాడు.

"ఎండ తగ్గుతోంది" అన్నాడు ఆ మనిషి మెల్లగా.

"నాకు కనబడట్లేదా? నువ్వు తొందరపెడితే నడుస్తుందా ఇది?"

డ్రైవరు మెకానిక్కుకి ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"అన్నా, చక్రం తిరగట్లేదు."

"గేరు నూనె చూశావా?"

"నిండుగా ఉంది."

"వెనక్కి పోతోందా?"

"ముందుకీ లేదు, వెనక్కీ లేదు. అత్తారింటికొచ్చిన అల్లుడిలా కూర్చుంది."

"రెండు వైపులా పోవట్లేదంటే గేరు తప్పు కాకపోవచ్చు. హ్యాండ్ బ్రేకు దించావా?"

"దించకుండా తోలడానికి నేనేమన్నా కొత్తా?"

"పూర్తిగా దిగిందా అని అడుగుతున్నా. వేలెడు మిగిలినా చాలు, బ్రేకు ఉందనుకుని బండి చక్రాలకి బలం పోనివ్వదు. ఎర్ర దీపం వెలుగుతోందా?"

డ్రైవరు గొంతు తగ్గింది.

"అది మాడిపోయి చాన్నాళ్ళయింది."

"మార్చలేదా?"

"మారుద్దామనే..."

"నీ మొహంలా ఉంది. బ్రేకు పిడి కింద ఏదో అడ్డం పడుంటుంది. చెయ్యి పెట్టి చూడు."

సీటుకీ పిడికీ మధ్య సందులో డ్రైవరు చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

"ఏయ్, నువ్విలా రా! నీ చెయ్యి పుల్లలా ఉంది. పెట్టు."

ఆ మనిషి తాళాలు గోడ మీద పెట్టి బండెక్కాడు. మోకాళ్ళ మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. చొక్కా చేతికి నల్లటి గ్రీజు పట్టుకుంది.

"శ్మశానం ఉద్యోగానికి తెల్ల చొక్కా ఏంటయ్యా? పెళ్ళికొచ్చావా?" అన్నాడు డ్రైవరు.

ఫోనులో మెకానిక్ నవ్వాడు.

ఆ మనిషి వేళ్ళకి ఏదో తగిలింది. లాగాడు.

చిన్నపిల్ల చెప్పు. గులాబీ రంగుది.

అరచేతిలో పెట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు.

"ఓరి దీని దుంప తెగ! మా అమ్మాయిది. నిన్న ఇక్కడిదాకా నా ఒళ్ళో కూర్చుని వచ్చింది. బ్రేకు వేసి పిల్లని దింపినప్పుడు జారిపోయినట్టుంది. రాత్రంతా చెప్పు, చెప్పు అని ఒకటే ఏడుపు."

"ఎన్నేళ్ళు?"

"ఐదు నిండాయి. ఇంటికెళ్ళాక వీపు చీరేస్తా."

"కొట్టకు."

"నా పిల్ల, నా ఇష్టం."

"కొట్టకు" అన్నాడు ఆ మనిషి మళ్ళీ. శుభ్రంగా ఉన్న రెండో చేతి చొక్కాతో చెప్పుకంటిన గ్రీజు తుడిచి, డ్రైవరుకి అందించాడు.

డ్రైవరు మొహం చిన్నబోయింది. తప్పయిందన్న మాట నోటిదాకా వచ్చింది. కాపలావాడికి చెప్పేదేముందిలే అనిపించి మింగేశాడు.

చెప్పు జేబులో పెట్టుకుని బ్రేకు దించాడు. ఈసారి పిడి అడుగుదాకా దిగింది. గేరు వేయగానే బండి ముందుకు నడిచింది.

ఆ మనిషి మూలకు నడిచి మడమతో గీత గీశాడు. ఆ గీత ఎంతుందో డ్రైవరు పట్టించుకోలేదు.

"మెల్లగా తవ్వు" అన్నాడు ఆ మనిషి.

"మెల్లగా అట! ఇందాక ఎండ తగ్గుతోందన్నది నువ్వే కదయ్యా?"

నేల పెళుసుగా విరిగింది. గుంట తయారైంది.

డ్రైవరు బండి వెనక్కి తీసేసరికి ఆ మనిషి గుంటలోకి దిగి ఉన్నాడు. రాళ్ళు ఏరి పైకి వేస్తున్నాడు. అరచేత్తో అడుగంతా తడిమి, చేతికి తగిలిన ప్రతి రాతి పలుకూ ఏరుతున్నాడు.

"చాల్లే, పైకి రావయ్యా! పడుకునేవాళ్ళకి తెలుస్తుందా ఏంటి?"

ఆ మనిషి ఇంకో రాయి పైకి వేశాడు. మట్టిని మరోసారి చదును చేశాడు. అప్పుడు పైకెక్కి, డ్రైవరు వైపు చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఎదురుగా వస్తున్న ఖాకీ చొక్కా ముసలాయన పక్కకు తప్పుకుని, తల వంచి నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి గోడ మీది తాళాలు తీసుకున్నాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు డ్రైవరు.

"ఇక్కడి కాపలావాణ్ణి బాబూ. గుంట అయిందా?"

డ్రైవరు చెయ్యి జేబులో చెప్పు మీదికి పోయింది. గేటు వైపు చూశాడు. దారి ఖాళీగా ఉంది.

"మరి... ఆయన?"

ముసలాయన గుంట అడుగువైపు ఒకసారి చూసి అన్నాడు.

"గుంట నేను చూసుకుంటానయ్యా, మీరు పాప పక్కన కూర్చోండని ఎంత చెప్పినా వినకుండా తాళాలు తీసుకుని వచ్చేశారు బాబూ, అడుగున రాళ్ళు గుచ్చుకుంటాయి, నేనే ఏరాలన్నారు, కన్నతండ్రి కదా!"