వందో సభ్యుడు

వస్తాదు కర్ర తన సొంత వదిన నుదుటి మీద పడింది. రక్తం కళ్ళల్లోకి కారుతున్నా ఆమె అతన్ని తోసుకుని సంఘం ఆఫీసులోకి వచ్చేసింది.

"చెప్తే వినవేం వదినా! ఎవర్నీ రానివ్వొద్దన్నాడు అధ్యక్షుడు."

పాల సంఘం అధ్యక్షుణ్ణి దించడానికి సభ్యులు ఆ మధ్యాహ్నం సమావేశం పెట్టుకున్నారు. పొద్దుటి నుంచి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళను వచ్చినట్టే చావబాదుతున్నాడు వస్తాదు. అయినా దెబ్బలు తింటూనే ఒక్కొక్కరూ లోపలికి దూరుతున్నారు.

గుమాస్తా తలలు లెక్కపెట్టాడు. "తొంభై తొమ్మిది. వందమంది లేనిదే సమావేశం చెల్లదు."

అధ్యక్షుడు తాపీగా నవ్వాడు.

వదిన అరచేత్తో నుదురు అదిమిపట్టుకుని మరిదివైపు తిరిగింది. "నువ్వొస్తే వంద."

"నేనా? నేను ఆయన మనిషిని."

"మీ అన్న చనిపోయిన ఏడాది నిన్ను సభ్యుడిగా చేర్పించింది నేనే. అధ్యక్షుడికీ ఒక్క ఓటే, నీకూ ఒక్కటే."

"ఏంట్రా చూస్తావ్? దాన్ని ఈడ్చి అవతల పారెయ్!" అధ్యక్షుడు అరిచాడు.

ఇన్నేళ్ళూ ఆ గొంతు వినగానే లేచిన చెయ్యి ఈసారి లేవలేదు. తనూ ఈ సంఘానికి యజమానేనని వస్తాదుకు మొదటిసారి తట్టింది. కర్ర పారేసి వచ్చి వదిన భుజం పట్టుకోబోయాడు.

"నన్ను ముట్టుకోకు. వెళ్ళి కూర్చో."

ముందు వరసలో, పొద్దున తను చెయ్యి విరగ్గొట్టిన పాలవాడున్నాడు. అతను రెండో చేత్తో వస్తాదు చెంప ఛెళ్ళుమనిపించి, పక్కకు జరిగి చోటిచ్చాడు.