మెట్ల కింది గోడ

"ఈ గోడ ఉన్నంతకాలం ఎనిమిది ఫ్లాట్లలో ఒక్కదానికీ విడి యాజమాన్య పత్రం రాదు," అన్నాడు ఇంజనీరు దామోదర్. రియాద్‌లోని ఆ భవనంలో, మెట్ల కింది ఉమ్మడి జాగాను గదిగా మూసేసిన గోడ అది.

కింది ఫ్లాటు యజమాని అబూ నాసిర్ గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "పగలగొట్టనివ్వను," అన్నాడు అరబీలో. పై ఏడు కుటుంబాలు రెండేళ్లుగా బతిమాలుతున్నా ముసలాయనది ఒకటే మాట.

మేస్త్రీ అంజన్న గోడను తట్టి చూశాడు. "సార్, గిది నేను కట్టిందే. పన్నెండేండ్ల కింద, గల్ఫ్ యుద్ధమప్పుడు."

"నువ్వా?"

"గ్యాస్ బాంబులు పడ్తయని ఈయనే కట్టిచ్చిండు. సైరన్ మోగంగనే నన్ను గూడ లోపలికి గుంజిండు. ఈయన ఇంటామె నాకు ఖర్జూరాలు పెట్టింది."

దామోదర్ ఆ మాటలు అరబీలో చెప్పాడు. ఆ ఇల్లాలు పోయి మూడేళ్లయింది.

"ఆమె ఎక్కడ కూర్చుందో గుర్తుందా?" అని అడిగాడు ముసలాయన.

అంజన్న లోపలికి వెళ్లి మూల చూపించాడు. "ఈడ. ఏందో అన్నది. మాట తెల్వకున్నా, భయపడకు అన్నట్టు సమజైంది."

ముసలాయన లేచాడు. "ఇతనైతే కొట్టనీ. వేరేవాళ్లొద్దు," అన్నాడు. కుర్చీ ఎత్తుకుని ఆ మూలకు వెళ్లి కూర్చున్నాడు.

అంజన్న సుత్తి సంచిలో పెట్టేశాడు.

"రేపు కొడ్త సార్. ఇయ్యాల ఆయన్ని కూసోనియ్యుండ్రి."