ఇనుము కొన్న డబ్బు

జిన్‌గూ విసిరిన సుత్తి దెబ్బకు షెడ్డు రేకు తలుపు లోపలికి సొట్టపోయింది.

ఎదురుగా ఓడల మరమ్మతు యార్డులో పనివాళ్లు ఓసారి తలలు తిప్పి చూసి మళ్లీ పనిలో పడ్డారు. ప్యో జిన్‌గూ కోపం యోంగ్డో రేవులో అందరికీ తెలిసిందే.

నాటకాల కంపెనీలో సెట్లు వెల్డింగ్ చేసే ఉద్యోగం పోయాక, అతనూ తల్లీ నిరుద్యోగ భృతి మీదే బతుకుతున్నారు. ఈమధ్య అతని ఇనుప శిల్పాలకు నగర కళాసంస్థ గ్రాంటు ఇచ్చింది. అదంతా పాత ఓడల ఇనుముకీ గ్యాసుకీ పోయింది. జీతం కాదు కదా అని, భృతి ఇచ్చే ఉపాధి కేంద్రంలో ఆ ముక్క చెప్పలేదు.

పోయిన వారం కేంద్రం వాళ్లు భృతి ఆపేశారు. ఆ సంగతి రేవంతా పాకింది. గ్రాంటు కూడా ఆదాయమేనట. దాచినందుకు ఇంతవరకూ తీసుకున్నదీ కక్కమన్నారు. ఇవాళ వెళ్లి బతిమాలినా వినలేదు.

"ఎవడో చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?" అన్నాడు జిన్‌గూ.

పక్క షెడ్డులో చెక్క బొమ్మలు చేసే మాంచోల్ గొంతు తగ్గించాడు.

"రోజూ వచ్చి నీ పని చూస్తాడే, ఆ ముసలాయన. ఈమధ్య ఉపాధి కేంద్రంలో కనిపించాడు అన్నా. నీ పేరే చెబుతున్నాడు."

జిన్‌గూ ఒళ్లు భగ్గుమంది.

ఆ ముసలాయన ఎవరో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లుగా మధ్యాహ్నం పూట వచ్చి షెడ్డు ముందు నిలబడేవాడు. సగం తయారైన ఇనుప తిమింగలం చుట్టూ తిరిగి చూసేవాడు. గ్రాంటు దేనికిచ్చారు, అంతా ఇనుముకేనా, తిండికి ఏమైనా మిగిలిందా అని అడిగేవాడు. అప్పుడు ఊసుపోక అడుగుతున్నాడనుకున్నాడు జిన్‌గూ. ఇప్పుడు ఒక్కొక్క ప్రశ్నా ముల్లులా దిగుతోంది.

మధ్యాహ్నం ముసలాయన రానే వచ్చాడు.

జిన్‌గూ కాలరు పట్టుకుని రేవుగోడ వెనక్కి ఈడ్చుకుపోయాడు.

"కేంద్రానికి వెళ్లావా?"

"వెళ్లాను బాబూ. నీ గురించే..."

పిడికిలి నోటి మీద పడింది. రెండో దెబ్బకు ముక్కు చిట్లింది. మూడో దెబ్బకు ముసలాయన సిమెంటు మీద బోర్లా పడ్డాడు. జిన్‌గూ డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. ముసలాయన ఎదురు తిరగలేదు, అరవలేదు. రక్తం ఉమ్ముతూ, నేల మీది ఓడ గొలుసును కుడిచేత్తో పట్టుకుని లేవబోయాడు.

జిన్‌గూ ఇనుప మొన బూటుతో ఆ చేతిని తొక్కాడు. బరువంతా వేసి తొక్కాడు. ఎముకలు నలిగిన చప్పుడు అతనికి వినిపించింది. అయినా కాలు తియ్యలేదు.

యార్డు పనివాళ్లు పరుగున వచ్చి అతన్ని లాగి పడేశారు. చచ్చిపోతాడురా, మనిషివేనా అని ఒకడు తిట్టాడు.

ఆసుపత్రిలో పోలీసులు అడిగితే, రేవు మెట్ల మీద జారిపడ్డానని ముసలాయన చెప్పాడట. భయపడ్డాడు వెధవ అనుకున్నాడు జిన్‌గూ.

కోపం తీరింది కానీ భృతి రాలేదు. తల్లి రెండు పూటలా గంజే కాచింది. ఒక ఉదయం జిన్‌గూ సమ్మెట తీసుకుని తిమింగలం తోక విరగ్గొట్టాడు. అంతా తుక్కుకు అమ్మేసి, తక్కువైంది అప్పు చేసి, గ్రాంటు డబ్బు కళాసంస్థ వాళ్ల మొహాన కొట్టేద్దామనుకున్నాడు. ఆ మాటే చెప్పడానికి ఉపాధి కేంద్రానికి వెళ్లాడు.

"ఆ అవసరం లేదండీ. మీ భృతి మళ్లీ మొదలవుతుంది," అంది అధికారిణి.

"ఎలా?" అన్నాడు జిన్‌గూ.

ఆ డబ్బు సామాను కోసమేననీ, తిండికి కాదనీ తేలిందని ఆమె వివరించింది. ఇది తేలేదాకా ఒక పెద్దాయన తమ ప్రాణాలు తోడేశాడట. పొమ్మన్నా పోలేదట. కళాసంస్థ వాళ్లను వెంటబెట్టుకొచ్చి మరీ చెప్పించాడట.

"మొన్న మూతినిండా కుట్లతో, చేతికి కట్టుతో వచ్చారు. వయసులో ఉండగా ఆయనకీ ఇలాగే భృతి ఆపేశారట. భయపడి గ్రాంటు తిరిగిచ్చేశారట. ఆ తరవాత ఏళ్ల తరబడి ఇనుము ముట్టుకోలేకపోయారట. ఈ కుర్రాణ్ణి అలా చెయ్యకండి అన్నారు."

"మరి నా మీద చెప్పిందెవరు?"

"ఎవరూ చెప్పలేదు. గ్రాంటు వస్తే మా కంప్యూటరుకు తెలిసిపోతుంది."

జిన్‌గూ నేరుగా వచ్చి మాంచోల్ గొంతు పట్టుకుని గోడకు అదిమాడు.

"నీ పేరు మాత్రమే విన్నానన్నా," అన్నాడు మాంచోల్ ఊపిరాడక. "ఏం చెబుతున్నాడో వినలేదు."

జిన్‌గూ పట్టు సడలింది.

ఆసుపత్రిలో అడిగి ముసలాయన అద్దె గది వెతికి పట్టుకునేసరికి అది ఖాళీగా ఉంది. కుడిచేతికి ఇక పట్టు రాదని డాక్టర్లు చెప్పారని, వెల్డింగ్ సామానంతా అమ్మేసి నిన్ననే వాళ్ల అక్కగారి ఊరికి వెళ్లిపోయారని ఇంటావిడ చెప్పింది. ఊరి పేరు ఆమెకు తెలియదు. మనిషి పేరు మాత్రం నమ్‌గుంగ్ ఉక్ అంది.

చిరునామా దొరుకుతుందేమోనని జిన్‌గూ కళాసంస్థకు పరుగెత్తాడు. గ్రాంట్లు చూసే మియోన్ ఆ పేరు వినగానే చేతిలో పని ఆపేసింది.

"మీ ఇద్దరికీ పరిచయమనుకున్నానే," అంది. "మీ కోసం అంతగా తిరిగారు కదా. ఈ ఏడు ఆ గ్రాంటు జాబితాలో మీ తరవాతి పేరు ఆయనదే. మీరు వదులుకుని ఉంటే ఆయనకే వచ్చేది."