మూయని ట్యాగు

"ఇది పేజీనా సార్, చెత్తకుప్పనా?" అంటూ రఘుపతి తన లాప్‌టాప్ తెచ్చి ఖాదర్‌వలి బల్ల మీద ఠపీమని పెట్టాడు.

మస్కట్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ప్రోగ్రామర్లకు గైడ్లు తయారుచేసే విభాగానికి ఖాదర్‌వలి పెద్ద. కడప మనిషి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల గైడు రఘుపతి రాస్తాడు. ఫైలులో ఫోన్ నంబర్లో, ఈమెయిళ్ళో ఎలా ఉంటే పట్టుకోవాలో కంప్యూటర్‌కి గుర్తుల్లో చెప్పే నమూనాలవి. ఆ పేజీల్లో ఏది ఎలా కనిపించాలో చెప్పే ట్యాగులు సరిచేసి వెబ్‌సైట్‌లో పెట్టడం సింధూజ పని.

ఖాదర్‌వలి చూశాడు. నిజమే, ఘోరంగా ఉంది. ఒక చోట కోడ్ ట్యాగు తెరిచి, మూయలేదు. అక్కణ్ణించి మామూలు వాక్యాలు కూడా కోడ్‌లాగే కనిపిస్తున్నాయి. ఇంకో చోట నమూనాలోని స్టార్ గుర్తుల్ని పేజీ మింగేసి, వాటి మధ్య అక్షరాల్ని పక్కకి వాల్చేసింది. స్టార్ పోతే ఆ నమూనా ఎందుకూ పనికిరాదు.

"మొన్న చెప్పిన. నిన్న చెప్పిన. మల్ల గదే తప్పు," అన్నాడు రఘుపతి, ఫ్లోరంతా వినేలా.

సింధూజ తన సీట్లోంచి లేచింది. "మీరు రాసిందే అలా ఏడిసిందండీ. నేనేం చేస్తాను?"

"నేను రాసింది సమజ్ కావాలంటే తెలివుండాలె."

"మాటలు మర్యాదగా రానివ్వండి. మీ వైపు ఆడవాళ్ళతో ఇలాగే మాట్లాడతారేమో!"

"మా దిక్కు పని చేతగానోళ్ళను కూసోబెట్టి మేపరు."

ఖాదర్‌వలికి ఒళ్ళు మండింది. తప్పు పిల్లదే కావచ్చు. అయినా ఇంత నోరేమిటి వీడికి? రఘుపతిని అవతలికి పొమ్మని, సింధూజను కూర్చోబెట్టాడు. ఈమధ్యే ఇలా అయింది గానీ, అంతకుముందు ఆమె పనికి వంక పెట్టిన వాళ్ళు లేరు.

"ఏం మ్మా, ఒంట్లో బాగలేదా? ఇంటికాడ ఏమన్నా కష్టమొచ్చిందా? నాకు చెప్పు, నేను చూసుకుంటా."

"ఏం లేదండీ."

"ఇంగొకసారి ఇట్టా అయితే నా చేతుల్లో ఉండదు మ్మా."

ఆమె నేల చూపులు చూసింది. కంపెనీ సంగతి ఖాదర్‌వలికి తెలియనిది కాదు. ఒకే కుటుంబం వాళ్ళని ఒకే విభాగంలో ఉంచదు, తెలిస్తే ఇద్దర్నీ తీసేస్తుంది. కాంట్రాక్టు మధ్యలో మానేస్తానంటే ఎవర్నీ వదలదు. పని బాగాలేదనుకుంటే మాత్రం టికెట్టు చేతిలో పెట్టి ఊరికి పంపించేస్తుంది. ఈ పిల్ల ఉద్యోగం ఎలాగైనా నిలబెట్టాలనుకున్నాడు.

రఘుపతి నిలబెట్టనిస్తేగా! ఖాదర్‌వలిని దాటేసి తిన్నగా ముదీర్ దగ్గరికే వెళ్ళాడు. అక్కడ మేనేజర్ని అందరూ అలాగే పిలుస్తారు. ఇబ్రా అనే ఊళ్ళోని కస్టమర్ ఒకతను ఆ పేజీ చూసి నమూనా కాపీ చేసుకుంటే పనిచేయలేదట. అతని ఫోను కూడా అప్పుడే వచ్చింది.

ఖాదర్‌వలి పరుగున వెళ్ళాడు. ఒక్క నెల గడువిమ్మని బతిమాలాడు.

"ఆమె ఉంటే నేను ఉండ సార్. ఎవలు కావాల్నో మీరే చెప్పుండ్రి," అన్నాడు రఘుపతి, పక్కనే నిలబడి.

"ఖలాస్," అన్నాడు ముదీర్. సింధూజ ఉద్యోగం అయిపోయింది.

ఆమె బ్యాగు సర్దుకుని లిఫ్టు వైపు నడిచింది. ఆమె వెనకే రఘుపతి కూడా బయల్దేరాడు. పీకల దాకా కక్ష పెట్టుకున్నవాడు, దిగేదాకా కూడా ఆ పిల్లను వదిలేలా లేడు.

ఇక ఖాదర్‌వలి ఆగలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు, ఈసారి వీడి చెంప పగలగొట్టాల్సిందే, తన ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. గబగబా మెట్లు దిగాడు. పార్కింగ్‌లో ఒక కారు పక్కన రఘుపతి ఆమెకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఖాదర్‌వలి పళ్ళు కొరుకుతూ స్తంభం చాటు నుంచి ముందుకు రాబోయాడు.

"ఇంకా మొహం అలా పెడతారేంటండీ, మీరంతలా తిట్టబట్టేగా మీ ఉద్యోగానికి ఏ ముప్పూ రాకుండా నన్ను తొలి కాన్పుకి మా అమ్మ దగ్గరికి కంపెనీయే పంపిస్తోంది," అంటూ సింధూజ, రఘుపతి చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది.